వెనక చక్రాల మీద నమ్మకం

మా బావ, అంటే అక్క భర్త, పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. వన్ టౌన్‌లో ఒక గోడౌన్ మూల తుప్పు పట్టి పడున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును కొని, ఏళ్ల తరబడి సామాన్లు వెతికి నడిచేలా చేశాడు. వానాకాలం మొదట్లో దానికి కొత్త బ్రేకులు వేయించాడు. వెనక చక్రాలకు వెళ్ళే బ్రేకు ఒత్తిడిని పెంచడానికీ తగ్గించడానికీ సీటు పక్కన ఒక నాబ్ పెట్టించాడు.

"రేపు మీ అక్కని సింహాచలం కొండకి తీసుకెల్తన్నాను" అన్నాడు. లోపలికి తొంగి చూస్తే నాబ్ పూర్తిగా వెనక చక్రాల వైపు తిప్పి ఉంది.

"ఇదేటి బావా, అంతా వెనక్కే ఇచ్చేసావ్?"

"ముందు బ్రేకు పడితే బోర్లా పడతావని స్కూటర్ నేర్పినప్పుడే మా నాన్న సెప్పాడు. ఆ కేబులే పీకేసాడాయన."

మా వీధుల్లో అలాంటి స్కూటర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. స్కూటర్ మీద నేర్చుకున్న ఆ భయాన్నే బావ కారుకూ బిగించాడు.

నా చదువు పదితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీ బల్ల దగ్గర చదువుకున్నదే, అది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అట్ట ఊడిన ఒక మోటారు పుస్తకాన్ని మూడు సార్లు తెచ్చుకుని మరీ చదివాను. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది, బస్సులో నిలబడ్డ మనం ఒరిగినట్టే. వెనక చక్రాలు తేలికైపోతాయి. అప్పుడు వాటిని గట్టిగా పడితే తిరగడం మానేసి జారతాయి, కారు గిర్రున తిరిగిపోతుంది. ఇదంతా బావకు చెప్పాను.

"లైబ్రరీలో డ్రైవింగ్ కూడా నేర్పతారేటి?" అని నవ్వాడు. కానీ చూద్దామన్నాడు.

గోడౌన్ల వెనక తడి రోడ్డు ఖాళీగా ఉంది. నేను పక్కన నిలబడ్డాను. బావ వేగంగా వచ్చి బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, వెనకవి బిగుసుకుపోయాయి. కారు రోడ్డుకు అడ్డం తిరిగి ఆగిపోయింది. బావ చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు. తర్వాత తనే నాబ్ తిప్పి వెనక ఒత్తిడి తగ్గించాడు. మళ్ళీ అదే వేగంతో వచ్చి తొక్కితే, ఈసారి కారు ముక్కు వంచుకుని తిన్నగా ఆగింది.

"ఎవడో మెడట్టుకుని ముందుకి గెంటినట్టుంది" అన్నాడు, ఇష్టం లేకుండా.

మర్నాడు కొండ దిగుతుంటే సన్నగా తుంపర. వాళ్ల వెనకే బైక్ మీద దిగాను. బ్రేకు లైట్లు వెలిగినప్పుడల్లా నా కళ్లు ఆ వెనక చక్రాల మీదే. కారు ఎక్కడా పక్కకు తిరగలేదు.

కింద ఆగగానే బావ, "ఇది నా బండిలా లేదు. పాతలాగే తిప్పేసుకుంటాను" అన్నాడు. నేను మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. "సరేలే" అన్నాడు బావ. అది విన్న మనిషి అనే సరేలే కాదు.

మొన్న వాన పడుతుంటే ఫోన్ చేశాను. అక్క ఎత్తింది.

"తగరపువలస ఎల్తన్నాంరా, కార్లోనే ఉన్నాను."

"సీటు పక్కన నాబ్ ఎటు తిప్పి ఉందో చూడు."

"నాకేటి తెలుసురా? ముట్టుకుంటే కసురుతారు. ఉండు, ఆయనొచ్చీసారు, బండి తీత్తన్నారు."