కండ్లు తిరుగుడుకు ఇంకో పేరు లేదు

పత్తి కూలీల గురించి మా సారు రాసిన అధ్యాయాన్ని, ఆయన పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయం వాళ్లే లాక్కున్నారు. తిరిగి ఇవ్వలేదు. ఏడాదిగా దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆయన మొన్న మంగళవారం పొద్దున వనపర్తిలోని అద్దె ఇంట్లో గుండె ఆగి చనిపోయారు. "మీ సారు లేడు బిడ్డా" అని సారు భార్య ఫోన్ చేసినప్పుడు నేను మానవపాడు దగ్గర పత్తి చేనులో ఉన్నాను.

ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. విత్తన పత్తిలో కూలి చేస్తాను. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్దడాన్ని మేం క్రాసింగ్ అంటాం. పరిశోధన కోసం మొదటిసారి వచ్చినప్పుడు సారుకు అది తెలియదు. "పొద్దుగాలనే క్రాసింగ్‌కు పోతం సారూ" అని మా అమ్మ చెబితే, "అంత పొద్దున రోడ్డు దాటి ఎక్కడికమ్మా?" అని అడిగారు. చేనంతా నవ్వింది.

"గింత సదివినవ్, పువ్వుకు పెండ్లి జేసుడు తెల్వదా?" అంది అమ్మ.

ఆయన మాకంటే ఎక్కువ నవ్వారు.

రాసుకున్నదంతా మాకే చదివి వినిపించేవారు. తర్వాత పెన్ను నా చేతికిచ్చి, "తప్పుంటే కొట్టేయ్. మీకు తెలియకుండా మీ గురించి రాస్తే అది చాడీ అవుతుంది" అనేవారు. ఆ కాగితాలు దిద్దుతూనే నేను రాయడం నేర్చుకున్నాను.

పురుగుమందు కొట్టిన మర్నాడే మమ్మల్ని చేనులోకి దింపుతారు. "కండ్లు తిరుగుతయ్ సారూ. గట్టు మీద జరసేపు ఒరిగితే, లే లే అంటరు" అని అమ్మ చెప్పింది. ఆయన అలాగే రాశారు. ఆ పరిశోధనకు డబ్బులిచ్చేది ఒక విత్తన కంపెనీ. విశ్వవిద్యాలయంలో ఆయన విభాగం పెద్దలు ఆయనను పిలిచి 'కండ్లు తిరుగుడు' తీసేసి 'స్వల్ప అసౌకర్యం' అని పెట్టమన్నారు. ఆయన పెట్టనన్నారు. అంతే, ఆయన దగ్గరున్న పరిశోధక విద్యార్థులను వేరేవాళ్లకు అప్పగించారు. ఆయన చెప్పే పాఠం తీసేశారు. పరిశీలిస్తామని చెప్పి ఆ అధ్యాయాన్ని, మేం దిద్దిన కాగితాలను కూడా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

చివరిసారి నాగర్‌కర్నూల్ బస్టాండులో కలిశారు. బాగా చిక్కిపోయారు. చూడలేక కోప్పడ్డాను.

"ఒక్క మాటే గద సారూ! మార్చేస్తే పోతది. ఎందుకు గిట్ల పరేషాన్ అయితుండ్రు?"

"కండ్లు తిరిగింది మీ అమ్మకు. ఆమె కొట్టేయమంటే కొట్టేస్తా. పోయి అడుగు" అన్నారు.

నేను అమ్మను అడగలేదు. నా సారుతో నేను మాట్లాడిన ఆఖరి మాట, ఆ విభాగం పెద్దలు ఆయనతో అన్న మాటే. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తోంది.

నిన్న ఆ విభాగం వాళ్లే సంతాప సభ పెట్టారు. పటానికి దండ వేసి, నిర్భయంగా నిజం చెప్పిన మనిషి అన్నారు. అమ్మ వెనక వరుసలోంచి లేచింది. "ఆయన రాసిందేది? గది సదువుండ్రి."

మైకు ఆపేసి సభ ముగించారు.

విభాగం పెద్దలారా, మీ దండలు మాకొద్దు. ఆ అధ్యాయాన్ని ఒక్క అక్షరం మార్చకుండా, సారు పేరుతో అచ్చు వేయండి. మేం దిద్దిన కాగితాలు మా చేతికివ్వండి. వేస్తారో, వేయరో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. వచ్చే సోమవారం సాయంత్రం ఐదింటిలోపు జవాబు కావాలి.