బాబాయి గీయించిన నవల

నది అవతల కుదుదండ్ నుంచి బాబాయి మనవరాలు పొద్దున్నే ఫోన్ చేసింది. "అత్తా, తాత నహీ రహే" అంది. తాత పోయేరని తెలుగులో చెప్పబోయి, మాట దొరక్క ఏడ్చింది. దేవుడి దగ్గర దీపం అప్పుడే వెలిగించేను. ఆయన పేరున ఇంకో వత్తి వేసి, మా సర్కండాలో ఆటో ఎక్కేను. వంతెన మీద మంచు పట్టేసి ఉంది. కింద అరపా నది ఉందో లేదో తెలియలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. రైల్వే క్వార్టర్లలో పక్కింటాయన. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన మనిషి. కంట్రోలు ఆఫీసులో కూర్చుని బండ్లు నడిపించేవారు కనక కాలనీ పిల్లలందరికీ కంట్రోలరు బాబాయి.

నవల రాయాలనుందని నేను మొదట చెప్పింది ఆయనకే. ఇంట్లో నేను పెద్దదాన్ని. నా వెనకాల చెల్లి పంతొమ్మిదో ఏట, ఒక ఉదయం, కట్నీ వైపు బండెక్కి వెళ్ళిపోయింది. దారిలోనే కోటాలో దిగిందన్నారు, దిగలేదన్నారు. ఇప్పటికీ తెలీదు. దాని గురించే రాద్దామని పదకొండు నోటుబుక్కులు మొదలెట్టేను. అన్నీ స్టేషన్లోనే ఆగిపోయేయి.

బాబాయి పదకొండూ చదివేరు. చప్పుడు లేకుండా నవ్వేరు.

"ఏటమ్మా, ఒకే బండిని పదకొండుసార్లు బయల్దేరదీసేవు. ముందర లైను చూసుకోవా?"

తరవాత ఒక పెద్ద కాగితం పరిచేరు. పక్కన నిలువుగా స్టేషన్ల పేర్లు, పైన అడ్డంగా గంటలు. డ్యూటీలో ఉన్నప్పుడు ప్రతి బండికీ అలాంటి కాగితం మీద ఒక ఏటవాలు గీత గీసేవారట. రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో ముందే తెలిస్తేనే ఏ బండిని ఎక్కడ ఆపాలో తెలుస్తుందట. నవలకీ అదే చెయ్యమన్నారు. స్టేషన్ల బదులు ఇల్లు, బజారు, గుడి, ప్లాట్‌ఫారం. బండ్ల బదులు మనుషులు. ఎవరు, ఎక్కడ, ఏ వేళకి, ఎవరికి ఎదురుపడతారు. ఇవి తేలాకే మొదటి వాక్యం.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు వాళ్ళ వరండాలో గడిచేయి. పెన్సిలు బ్లేడుతో చెక్కి, పొట్టు కాగితంలో మడిచి పెట్టేవారు. గీత గీసిన ప్రతిసారీ దాని మీద మెల్లిగా ఊదేవారు, దుమ్మేమీ లేకపోయినా. అమ్మ గీత, నాన్న గీత, చెల్లి గీత. చూస్తూ ఉంటే గాలికి వాలిన వానలా ఉండేది. అందులో మా పాత కాలనీ తడిసి కనిపించేది. అమ్మ ఊరికే గుమ్మంలో కూర్చున్న పూట ఏమీ గీయక్కర్లేదు కదా అన్నాను. "నిలబడ్డ బండికీ గీత ఉంటాదమ్మా. అడ్డంగా పోతాది. గడియారం ఆగదు కదా" అన్నారు.

కాగితం పైన నవల పేరు రాసేను, 'కల' అని. టీ తెచ్చిన మనవరాలు కూడబలుక్కుని, హిందీ అలవాటున 'కల్' అని చదివింది. "ఏ కల్ అత్తా? నిన్నా, రేపా?" అంది, హిందీలో రెంటికీ అదే మాట కనక. నేను నవ్వేను. బాబాయి నవ్వలేదు. "అచ్ఛా, బాగానే అడిగింది. నవల ఏ రోజున నిలబడి చెప్తావో అదీ తేల్చుకో" అన్నారు.

చివర ఏం రాయాలో తెలీదని నా బెంగ. చెల్లి ఎక్కడికి చేరిందో తెలియకుండా నవల ఎలా ముగుస్తుంది? ఆయన చెల్లి గీతని కాగితం అంచుదాకా లాగి వదిలేసేరు. "నా సెక్షన్ దాటినాక బండి పక్కవాడిది. చేరిందో లేదో నాకు తెలీదు. అలాగని నా చార్టు తప్పయిపోద్దా? నీ సెక్షన్ వరకే గియ్యి."

అంతలో కాగితం మీదకి వంగి చాలాసేపు చూసేరు.

"నీ గీత ఏదమ్మా?"

నేను చెక్కిన పెన్సిలునే మళ్ళీ చెక్కేను. ఆయన మళ్ళీ అడగలేదు. టీ తాగమన్నారు. తరవాత ఆయన మంచం పట్టేరు. కాగితం నేను తెచ్చేసుకున్నాను.

పదో రోజు కార్యం అయ్యాక ఇంటికొచ్చి, స్నానం చేసి, కాగితం తీసేను. నా గీత గీసేను. అది ఆ ఉదయం వంటింటి నుంచి పెరటి గుమ్మానికి వెళ్ళి, అక్కడ చెల్లి గీతని కలిసింది. ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పనిది అక్కడుంది. చెల్లి వెళ్ళిపోతోందని నాకు తెలుసు. నేను ఆపలేదు.

అలవాటు లేకపోయినా ఆ గీత మీద ఊదేను. పన్నెండో నోటుబుక్కు తెరిచి స్టేషన్ జోలికి పోకుండా పెరట్లో మొదలెట్టేను. చలి ఎండ. చెల్లి నాకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చుంది. దాని జుట్టు ఇంకా తడిగా ఉంది, మూడు పాయలూ నా చేతుల్లో బరువుగా ఉన్నాయి. "గట్టిగా బిగించు అక్కా, చాలా దూరం నిలవాలి" అంటోంది. నేను అల్లుతున్నాను.