పొద్దటి మాట

రేడియోలో మా ఆడబిడ్డ "ఫికర్ చేయకుండ్రి, వాగు తగ్గింది, నేనిప్పుడే చూసొచ్చిన" అంటోంది. అదే ఆడబిడ్డ మోకాళ్లదాకా తడిసి మా గుమ్మంలో నిలబడి ఉంది. ప్రమాదం ముంచుకొచ్చిందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. ఆ వరద రోజు తర్వాత మొదటిసారి, ఈ సాయంత్రం అదే రేడియోలో ఆమె నోట, "ఇది ముందుగా రికార్డు చేసిన కార్యక్రమం" అన్న మాట వినబడింది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

మాది మంథనిలో వాగు పక్క ఇల్లు. మా ఆయన దుబాయిలో. ఆడబిడ్డ ఊళ్లోని చిన్న రేడియో కేంద్రంలో మాట్లాడుతుంది. మధ్యాహ్నం పొలం పని ఉంటుంది కనుక పొద్దున్నే రికార్డు చేసి పెట్టి పోతుంది. అలాంటప్పుడు ఆ సంగతి వినేవాళ్లకు చెప్పాలన్న నియమం మైకు పక్కనే గోడకు అంటించి ఉంది. "గా ముక్క చెప్తే సద్దిబువ్వ వడ్డించినట్టుంటది వదినా, ఎవ్వలు వినరు" అని నవ్వేది.

ఆ రోజు మధ్యాహ్నం వాగు మళ్లీ పెరుగుతోందని మమ్మల్ని బడి దగ్గరి మెరకకు తీసుకుపోవడానికి ట్రాక్టరు వచ్చింది. నేను పిల్లల బట్టలు మూట కట్టాను కూడా. మా అత్తమ్మ కదలలేదు. "నా బిడ్డ చెప్పవట్టె, వాగు తగ్గిందట. గీ ముసురుల పోరగాండ్లను యాడికి తీస్కపోతవ్? నువ్వు పో తమ్మీ" అని ట్రాక్టరు అబ్బాయిని పంపేసింది. నేనూ గట్టిగా అడ్డుపడలేదు. నమ్మాను మరి.

పావుగంటకు ఆడబిడ్డ పరుగున వచ్చింది. "అవ్వా, ఇంకా ఇంట్లనే ఉన్నరా? లేవుండ్రి!"

"తగ్గిందని నువ్వే చెప్తుంటివి గదనే!"

"గది పొద్దుగాల రికార్డు చేసిందే అవ్వా!"

అత్తమ్మ ఒకసారి రేడియోను, ఒకసారి కూతురిని చూసింది. ఆమెకు రేడియోయే కాస్త ఎక్కువ నమ్మకంగా కనబడినట్టుంది.

అప్పటికే బాట మునిగింది. అయిదుగురం మేడమీది ఒక్క గదిలో ఇరుక్కున్నాం. మెట్లు ఒక్కొక్కటే నీళ్లలోకి పోతుంటే పిల్లలిద్దరినీ కొంగుతో నా నడుముకు కట్టుకుని కూర్చున్నాను. ఎందుకో తెలియదు, ఈత నాకూ రాదు. ఆడబిడ్డ తెల్లారేదాకా గోడవైపు తిరిగే కూర్చుంది.

పొద్దున నీళ్లు తగ్గుతుంటే నా బిడ్డ అడిగింది: "అమ్మా, మేనత్త రేడియోల అబద్ధం చెప్పిందా?"

గోడవైపున్న వీపు బిగుసుకోవడం చూశాను.

"లేదు బిడ్డా. చూసిందే చెప్పింది. ఎప్పుడు చూసిందో చెప్పుడు మరిచింది. మాట ఆడనే ఆగింది, పొద్దు ఆగలే" అన్నాను.