పైడమ్మప్ప వేయించిన ఇసుక

బిలాస్‌పూర్ స్టేషను బయట, టాంగాలు ఆగే చోట, ఒక ముసలాయన మూకుడులో ఇసుక పోసి శనగలు వేయిస్తాడు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నేను రోజూ ఆయన దగ్గర ఆగుతాను. శనగలు కొనేది మర్యాద కోసం. నేను ఆగేది ఇసుక వాసన కోసం. తొలకరి మట్టి వాసన గురించి చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. పాపం, కాలిన ఇసుక వాసన గురించి చెప్పే దిక్కు లేదు. మొన్న ఉండబట్టలేక, "దాదా, కాస్త ఇసుక నా చేతిలో పొయ్యి" అని హిందీలో అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "శనగలు లేకుండానా?" అన్నాడు. "శనగలు నువ్వు తిను, ఇసుక నాకియ్యి" అన్నాను. ఇంజిను నడిపేవాళ్ళకి వేడి తలకెక్కుతుందని ఆయనకి ఎప్పట్నుంచో అనుమానం ఉన్నట్టుంది. గరిటెడు ఇసుక తీసి పక్కన పెట్టి, చల్లారేదాకా ఆగి, అప్పుడు నా అరచేతిలో పోశాడు. చల్లారేదాకా ఆగడం చూసేసరికి నాకు పైడమ్మప్ప కళ్ళముందు నిలబడింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. పైడమ్మ నాకు అక్కా కాదు, చుట్టమూ కాదు. పాతికేళ్ళ కిందట నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో, లోకో షెడ్డులో ఇసుక వేయించేది. ఇంజిన్లు తుడిచి, బొగ్గూ నీళ్ళూ నింపే షెడ్డులో ఇసుక వేయించడం ఏమిటని మీకు అనిపిస్తోందా? నాకూ అనిపించింది. ఆ అనిపించడమే నా కొంప ముంచబోయింది, చివరికి నిలబెట్టింది కూడా.

చదువు నాకు మూడో తరగతి వరకే. బడికి నేను సెలవిచ్చాను; బడి కూడా పెద్దగా బెంగపెట్టుకున్నట్టు కనబడలేదు. ఇరవై మూడేళ్ళు వచ్చేవరకూ విజయనగరం దగ్గర మా ఊళ్ళో నలుగుర్నీ నవ్విస్తూ తిరిగాను. నవ్వించేవాడికి అన్నం పెట్టేవాళ్ళు దొరుకుతారు గాని పని ఇచ్చేవాళ్ళు దొరకరు. ఆఖరికి బిలాస్‌పూర్ రైల్వేలో ఉన్న మా సూరప్పడు మావయ్య కబురుపెడితే మూట కట్టుకుని బయల్దేరాను. ఖరగ్‌పూర్‌లో బండి మారి, కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి, గతౌరా అనే చిన్న స్టేషన్లో ఇదే పట్నమనుకుని దిగిపోయాను. 'ఇంతేనా బిలాస్‌పూర్? ఒక్క గదీ, ఒక్క మేకా!' అనుకుంటూ ఉండగానే బండి కదిలింది. ఎవరో పుణ్యాత్ముడు చొక్కా పట్టుకుని లోపలికి లాగాడు.

అసలు ఊరు చేరాక మొదటి వారంలో నాకు వచ్చిన హిందీ ఒక్కటే మాట, అచ్ఛా. ఎవరేమన్నా అచ్ఛా అనేవాణ్ణి. ఆ అచ్ఛాతో కూరగాయలామె నాకు నాలుగు సొరకాయలు అంటగట్టింది. మంగలి ఏదో అడిగితే అచ్ఛా అన్నాను, గుండు కొట్టేశాడు. ఆ గుండుతోనే ఫోర్మన్ దొర ముందు నిలబడ్డాను. ఒక నెల చూస్తాననీ, పనికొస్తే ఉంచుతాననీ, లేకపోతే వచ్చిన బండికే పంపేస్తాననీ దొర అన్నాడని మావయ్య తెలుగులో చెప్పాడు. మావయ్య క్వార్టర్లో ఆ రోజే కూర్చుని ఇంటికి ఉత్తరం రాశాను: 'అమ్మా, నాకు ఇంజిను మీద పని దొరికింది.' అమ్మ ఆ ఉత్తరం వీధి వీధంతా చదివించి ఉంటుందని నాకు తెలుసు. మర్నాడు నాకు చూపించిన పని ఇంజినుకి ఎంతో దూరంగా, షెడ్డు చివర రేకుల పాకలో, ఒక ఆడమనిషి చేతికింద.

ఆవిడకి యాభై దగ్గర పడి ఉంటాయి. కొంగు నడుముకి బిగించి, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, పెద్ద ఇనప రేకు ముందు నిలబడి ఉంది. రేకు కింద బొగ్గు మంట. రేకు మీద, అర్పా ఏటి నుంచి బళ్ళమీద వచ్చిన తడి ఇసుక. పొడవాటి పారతో దాన్ని తిరగేస్తోంది. నాకు ఉన్నవాటిలో మంచి చమత్కారం తీశాను.

"అప్పా, ఉప్పెంతెయ్యాల?"

ఆవిడ పార ఆపలేదు. "సూరప్పడి మేనల్లుడివా?"

"ఔనప్పా."

"నవ్విస్తావని సెప్పినాడు. పని సేస్తావని సెప్పనేదు. పారందుకో."

అలా మొదలైంది మా స్నేహం. ఇసుక వేగాక జల్లెడ పట్టడం, గోనె మీద పరిచి చల్లార్చడం, ఆ తరవాత పరీక్ష. పైడమ్మప్ప గుప్పెడు ఇసుక తీసి, పిడికిలి గట్టిగా బిగించి, తెరిచి, అరచెయ్యి బోర్లించేది. చేతికి ఒక్క రేణువు అంటుకుని ఉన్నా మొత్తం మళ్ళీ రేకు మీదికే. నాకు ఓపిక తక్కువ. వేడివేడిగా ఉన్నప్పుడే చూసేస్తే పోదా అన్నాను.

"ఏడిగున్నప్పుడు అంతా పొడిగానే ఉంటాది, గుంటడా. ఏడి అబద్దమాడతాది. సల్లారినాక అడగాల."

"సరే గాని అప్పా, ఈ ఇసుకేటి సేస్తారు?"

"ఇంజినుకేస్తారు."

"ఇంజినేటి సేస్తాది?"

"ఎల్తాది."

"మరి ఇసుకెటెల్తాది?"

"జల్లెడ పట్టు."

ఎప్పుడడిగినా అంతే. దాంతో నాకు తిండి సయించలేదు. కనబడ్డవాడినల్లా అడిగాను. ఒక ఖలాసీ, అంటే షెడ్డు కూలీ, ఇంజిను ఒళ్ళు తోముకోవడానికన్నాడు. ఇంకొకడు, బొగ్గు అరక్క కడుపు నొప్పి వస్తే ఇసుకే మందన్నాడు. నా గుండు చూసి నాతో ఆడుకుంటున్నారని తెలుసు. ఊళ్ళో నేను చేసిందీ అదే గనక కోపం కూడా తెచ్చుకోలేకపోయాను. పైడమ్మప్ప మీద మాత్రం కోపం వచ్చింది. పులుసులో ఏం వేసిందో చెప్పని వంటమనిషిలా ఇంత రహస్యమా అని.

నెల నిండడానికి ఇంకా వారం ఉంది. వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం పైడమ్మప్ప ఇసుక బళ్ళు దింపించడానికి గేటు దగ్గరికి వెళ్ళింది. అప్పుడే గూడ్సు డ్రైవరు అప్పలస్వామి గారు పాక ముందుకొచ్చి, "ఇసుక తేరా తొరగా. డబ్బాలో నువ్వే పోద్దువు గాని, రా" అన్నారు. నువ్వే పోద్దువు గాని! ఇన్నాళ్ళూ నాకు అందని రహస్యం మీద మూత తీసే పని! గోనె మీది ఇసుక ఇంకా వేడిగానే ఉంది. గుప్పెడు తీసి, బిగించి, బోర్లించాను. ఒక్క రేణువు అంటలేదు. రెండు బకెట్లు నింపుకుని పరుగెత్తాను. ఇంజిను పక్కన మూతపెట్టిన గాబులాంటి డబ్బా ఉంది, అందులోంచి ఒక గొట్టం చక్రం ముందుకు దిగింది. పోస్తుంటే కాస్త ఆవిరి లేచింది. ఇంజిను దగ్గర ఆవిరి వింతేమిటి?

తిరిగొచ్చేసరికి పైడమ్మప్ప ఖాళీ గోనె ముందు నిలబడి ఉంది. "అప్పుడే సల్లారిపోనాదేటి?"

"నా సెయ్యి సలవప్పా."

ఆవిడ నవ్వలేదు. బకెట్లు లాక్కుని, పోసింది తోడెయ్యడానికి ఇంజిను వైపు నడిచింది. ఆవిడ చేరేలోపే బండి కూతపెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు అప్పలస్వామి గారు పాకలోకి వచ్చారు, వెనకే ఫోర్మన్ దొర. డ్రైవరు గారి చేతిలో నిమ్మకాయంత ఇసుక ముద్ద.

"ఇదేటి, పైడమ్మా? ఇసుకడిగితే ఉండ్రాళ్ళు సేసి పెట్టినారు! గొట్టంలో గడ్డకట్టీసింది. కొండ ఘాటు మీద సెక్రాలు తిరగలిలాగ ఉన్నకాడే తిరిగినాయి. బండి సగం ఇప్పీసి, పైన ఒదిలి, మల్లీ ఎనక్కొచ్చి మిగతా సగం లాక్కెల్లినాం."

దొర ముఖం ఎర్రగా ఉంది. ఈ ఇసుక బట్టీ మీంచి ఆడవాళ్ళని తీసేసి ఖలాసీలని పెడతానన్నాడు. ఆ మాటకి హిందీ రాని నాకు కూడా అర్థం తెలిసింది. పైడమ్మప్ప ముద్ద అందుకుని వేళ్ళతో చిదిపింది.

"బట్టీ నాది, బావూ. ఇసుకా నాదే. సల్లారకండా ఎల్లిపోనాది." అంతవరకే అంది.

ఎవరు పోశారని దొర అడిగాడు. ఆవిడ ఇంకా ఆ ముద్దనే చిదుపుతోంది. నా వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే నేను ఏదో వెకిలి మాట అని తప్పించుకునేవాణ్ణి, అలా తప్పించుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. అమ్మ, ఉత్తరం, వీధిలో జనం అందరూ వరసగా గుర్తొచ్చారు. నోరు తెరిస్తే తిరుగు బండి. మూసుకుంటే ఈవిడ ఇరవై ఏళ్ళ పని పోతుంది. తెరిచాను.

"నేనే పోశానండీ. చల్లారలేదని తెలుసు."

ఎవరికీ నవ్వు రాని మాట నేను అనడం బహుశా అదే మొదలు. అప్పలస్వామి గారు దాన్ని దొరకి హిందీలో చెప్పి, తరవాత ఇంకేదో కూడా చెప్పారు. బయటికొచ్చాక నాకు తెలిసింది: "ఈణ్ణి ఇంటికి పంపిస్తే ఈడికేటి తెలుస్తాది దొరా? రేపు నాతో పంపండి. ఆ గొట్టం పని ఈడి సేత్తోనే సేయిస్తాను. ఆ తరవాత మీ ఇష్టం" అన్నారట.

కట్నీ లైనులో ఖోంగ్సరా దాటాక కొండ ఎక్కుడు మొదలవుతుంది. అడివి, సన్నటి వాన. నేను ఇసుక పోసిన ఎడమవైపు గొట్టం ఇంకా పూడుకునే ఉంది. ఇంజిను ముందు అడ్డదూలం మీద నన్ను కూర్చోబెట్టారు, ఒళ్ళో డబ్బా నిండా పైడమ్మప్ప చల్లార్చి పంపిన ఇసుక. బండి మనిషి నడకకంటే మెల్లగా పాకుతోంది. ఉన్నట్టుండి నా వెనక చక్రాలు జారి గిర్రున తిరిగాయి. ఇంజిను మొత్తం వణికింది. "పొయ్యరా!" అని కేక. చెయ్యి చాచి పట్టా మీద సన్నగా ధార వదిలాను. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత కరకరమని ఒక చప్పుడు, చక్రం పట్టు దొరకపుచ్చుకుంది, వెనక అన్ని పెట్టెలూ ఒకదాని తరవాత ఒకటి గొలుసులు బిగించుకుని కదిలాయి. ఇసుక ఎటు వెళ్తుందో నాకు తెలిసింది. అంత బరువూ నా గుప్పెట్లోంచి నడిచినట్టనిపించింది. పైకి చేరేసరికి డబ్బా అడుగు కనబడింది, నా చేతిమీద చర్మం లేచిపోయింది.

తిరిగొచ్చిన పొద్దున్న పైడమ్మప్ప నాకు గిన్నెడు చోడంబలి పోసి ఎదురుగా కూర్చుంది. ఆవిడ పని వేళలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"సెప్పు."

"అప్పా, ఇంజినుందీ, ఏనుగు బురదలో..."

"ఏనుగొద్దు. నవ్వించొద్దు. నువ్వు సూసింది సెప్పు."

చెప్పాను. ఆవిడ అడగడం మొదలుపెట్టింది. ఎంత పోస్తే పట్టుతాది? పట్టినప్పుడు సప్పుడు ముందా, కదలడం ముందా? రెండు పట్టాల మీదా పడాలా? గాలికి ఎగిరిపోదా? నేను గుర్తు తెచ్చుకుని, గుర్తు లేనిది లేదని, ఒక్కొక్కటే చెబుతూ వచ్చాను. ఆఖరికి అడిగింది: "సెక్రం ఎల్లిపోనాక ఇసుకేటవుతాది?"

నేను చూసింది ముందువైపే. వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడు తట్టింది నాకు.

"అప్పా, నువ్వెప్పుడూ సూణ్ణేదా?"

"ఆడదాన్ని ఇంజినెక్కనిస్తారేటి? మన ఊరెల్లే బండి ఆ ఘాటు మీదికెల్లదు. డబ్బాలో పోసీదాకా నాది. ఆ తరవాతిది ఎవుడూ సరిగ్గా సెప్పనేదు. అడిగితే నవ్వీవోరు."

నవ్వేవారన్న మాట దగ్గర నేను గిన్నె కింద పెట్టేశాను. ఇన్నాళ్ళూ రహస్యం దాచిందని కోప్పడ్డాను. ఆవిడ దగ్గర దాచడానికి ఏమీ లేదు, నా దగ్గరున్న ప్రశ్నే ఆవిడ దగ్గరా ఉంది, ఇరవై ఏళ్ళుగా.

నెలాఖరుకి దొర నన్ను ఉంచాడు. బట్టీ పైడమ్మప్పకే ఉంది. నేను అప్పలస్వామి గారి కాళ్ళావేళ్ళా పడి ఇంకోసారి ఆ బండెక్కాను. ఆ రోజు వాన వెలిసింది గాని, ఎక్కుడు ఎక్కుడే గనక ఆయన ఇసుక వదుల్తూనే ఉన్నారు. పైన స్టేషన్లో నీళ్ళకి ఆగినప్పుడు దిగి, పెట్టెలన్నీ దాటి, గార్డు వింతగా చూస్తుండగా బండి తోక వెనక్కి నడిచాను. పట్టా నెత్తిన సన్నగా తెల్లటి గీత, ముగ్గుపిండితో లాగినట్టు. వేలితో రాసి చూశాను. ఇసుక లేదు, పిండి. గోటితో గీకి మోదుగాకులో మడిచి తెచ్చాను.

పైడమ్మప్ప ఆకు విప్పి ఆ పిండి అరచేతిలో పోసుకుంది. అలవాటు కొద్దీ పిడికిలి బిగించింది, తెరిచింది, బోర్లించింది. రాలలేదు. విదిలించింది. గీతగీతలోనూ తెల్లగా ఇరుక్కుని అక్కడే ఉంది. ఇద్దరం ఆ చేతిని చూస్తూ నిలబడ్డాం.

"ఇది రాల్నేదురా" అంది. అప్పుడు నవ్వింది, నేను ఏమీ అనకుండానే. ఆ పూటంతా ఆ చెయ్యి కడుక్కోలేదు.

ఆవిడ ఊరెళ్ళిపోయేదాకా, ఆరేడేళ్ళు, ఘాటు దిగొచ్చిన ప్రతిసారీ పాకలో కూర్చుని చూసింది చూసినట్టు చెప్పేవాణ్ణి. అడిగేది, చెప్పేవాణ్ణి. చమత్కారాలు ఇప్పటికీ మానలేదు. మానితే మా ఇంట్లో డాక్టరుని పిలుస్తారు. అయితే ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని ఏదైనా అడిగినప్పుడు మాత్రం నోట్లో మాటని కాసేపు చల్లారనిస్తాను. పైన బండి ఆగినప్పుడు ఇప్పటికీ దిగి తోక వెనక్కి వెళ్ళి చూసొస్తాను. నా ఫైర్‌మన్ నవ్వుకుంటాడు, నవ్వుకోనీ.

మొన్న ఆ శనగల ముసలాయన పోసిన ఇసుకని పిడికిట్లో బిగించి, తెరిచి, అరచెయ్యి బోర్లించాను. ఒక్క రేణువు అంటలేదు. "బాబూ, ఏం చూస్తున్నావందులో?" అని అడిగాడు. నాలుగు వెటకారాలు నాలిక చివరిదాకా వచ్చాయి. ఆయన ముఖం చూశాను, నిజంగానే అడుగుతున్నాడు. పక్కనున్న రాయి మీద కూర్చుని, నవ్వించకుండా, మొదట్నుంచీ చెప్పాను.