మోకాళ్ళ దాకా సముద్రం

మా ఊళ్ళో సముద్రానికి వెళ్ళే పద్ధతి ఒకటుంది. ఆదివారం సాయంత్రం మగాళ్ళు ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుస్తారు, ఆడవాళ్ళు కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుంటారు, అల వస్తే కెవ్వుమని వెనక్కి గెంతుతారు, మురీ మిక్చర్ తిని ఇంటికెళ్తారు. విశాఖపట్నంలో పుట్టి, నలభై ఆరేళ్ళు వచ్చినా సముద్రం నాకు మోకాళ్ళ పైకి తెలీదు. ఒక్కసారి మెడ దాకా దిగాలని చిన్నప్పట్నుంచీ కోరిక. "తడిసిన బట్టల్తో నలుగుర్లో నడుత్తావేటే?" అని అమ్మ కసిరేది. పెళ్ళయ్యాక అదే మాట బావ అందుకున్నాడు. బావంటే మా మేనమామ కొడుకు, నా మొగుడు.

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసే బావ, నిరుడు ఫోన్లో వీడియోలు చూసీ చూసీ బ్యాక్‌ప్యాకర్ అయిపోయాడు. "టూర్ ప్యాకేజీలు ముసిలోల్లకి. మనం సంచీ ఏసుకుని పోవడవే. ఎక్కడ తెల్లారితే అక్కడే" అని పెందుర్తిలో ఉన్న మా ఆడపడుచుకి గొప్పలు చెప్పాడు. ఎక్కడెక్కడ తెల్లారాలో మాత్రం ముందే గదులు బుక్ చేసి, కాగితాలు మూడేసి కాపీలు తీయించి ఫైల్లో పెట్టాడు. మలేషియా వెళ్ళి, అక్కడి లంకావి దీవి నుంచి పడవలో సరిహద్దు దాటి, లిపె అనే థాయిలాండ్ దీవిలో దిగాలని ప్లాను. అక్కడ మెడలోతులో నిలబడినా కాలివేళ్ళు కనిపిస్తాయట. "మనల్నెరిగినోల్లు ఎవలూ ఉండరు. అక్కడ దిగుదువుగాని" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను సంచీ తగిలించుకున్నాను.

ఎక్కడ తెల్లారినా ఫరవాలేని మనిషికి అన్నం మాత్రం వేళకి ఉండాలి. అందుకని సంచుల్లో చిన్న రైస్ కుక్కరు, బియ్యం, కందిపొడి, ఆవకాయ, నెత్తళ్ళ ఎండుచేపలు చేరాయి. జిప్పులకి తాళాలు కూడా పడ్డాయి.

సరిహద్దంటే తుపాకులూ ముళ్ళకంచెలూ ఉంటాయని బావ ఊహ. తీరా లిపెలో పడవ దిగి చూస్తే ఇసుకలో ఒక షెడ్డు. అయినా ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. అక్కడి ఉద్యోగిని సంచీ తెరవమంది. తాళంచెవి ప్యాంటు జేబులో ఉంది, ఆ ప్యాంటు సంచీలో ఉంది. బావ చెమటలు కక్కుతూ జిప్పు ఊడబీకేసరికి నెత్తళ్ళ వాసన గుప్పుమంది. మా వెనకున్న తెల్లవాళ్ళు వరస వదిలేసి పక్కకి జరిగారు. ఆవిడ నెత్తళ్ళ ప్యాకెట్టు ఎత్తి చూసింది, మా వెనకున్న సముద్రాన్ని చూసింది, మళ్ళీ ప్యాకెట్టు చూసింది. నవ్వాపుకుంటూ పాస్‌పోర్టుల మీద ముద్ర గుద్దేసింది.

"సూసావా, ఫైలు సూసి బయపడిపోనాది" అన్నాడు బావ.

ఆ మధ్యాహ్నమే బీచికి వెళ్ళాం. నీళ్ళు వీడియోలో కంటే బాగున్నాయి. బావ ఒడ్డున నిలబడి, ఎంతో శ్రద్ధగా, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. రెండు దేశాలు దాటాడు గానీ మోకాళ్ళు దాటలేకపోయాడు. నేను చున్నీ తీసి బావ చేతికిచ్చి, పంజాబీ డ్రెస్సుతోనే దిగాను. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంత సుఖాన్ని ఇంటి పక్కనే ఉంచి ఇన్నేళ్ళు నాకు అందనివ్వలేదని ఒళ్ళు మండింది కూడా.

"ఒసే, సాలు, రా! బట్టలన్నీ ఒంటికంటుకుపోనాయి. అందరూ సూత్తన్నారు!" ఒడ్డు నుంచి బావ కేక.

"ఎవలు బావా?"

చూపించడానికి అటు తిరిగాడు. ఒక తెల్ల ముసలాయన మొహం మీద టోపీ వేసుకుని నిద్రపోతున్నాడు. కొబ్బరిబొండాలమ్మే ఆవిడ ఫోన్లో మునిగిపోయి ఉంది. ఇటు తిరిగాడు. ఇసుక తప్ప ఎవరూ లేరు. బావ పాపం చాలాసేపే వెతికాడు.

"నాను సూత్తన్నాను కదేటి" అన్నాడు చివరికి.

ఇరవై రెండేళ్ళ కాపురంలో బావ నోటంట అంత నిజం ఎప్పుడూ వినలేదు. ఒడ్డుకి వీపు తిప్పి, మెడ దాకా నడిచాను.