విన్నీ మెచ్చుకుందంటే అయిపోయినట్టే

మా విన్నీ ఆక్రాయిడ్ తిట్టకుండా ఎవర్నీ పలకరించేది కాదండీ. బతికున్న మనిషికి ఆవిడ నోట ఒక్క మంచిమాట దక్కేది కాదు. "ఎలా ఉన్నావ్ విన్నీ?" అంటే చాలు, "నాకేం గానీ, ముందు నీ మొహం చూసుకో, వాన పట్టిన ఆదివారంలా!" అనేది. మా యార్క్‌షైర్ బొగ్గుగని వీధి బళ్ళో నేను పిల్లలకి చెప్పిన ఎక్కాలకన్నా ఆవిడ చేత తిన్న తిట్లే ఎక్కువ.

చర్చి ఫాదరుగారినీ వదల్లేదు. "నా ప్రసంగం ఎలా ఉందమ్మా?" అని అడిగాడు పాపం. "నోరు బ్రహ్మాండంగా ఉంది నాయనా, పాంటే లేదు" అంది. మాటలే తప్ప సరుకు లేదని మా వైపు సామెత లెండి. ఆయన మాత్రం గబుక్కున కిందికి చూసుకున్నాడు.

వీధిలో ఎవరు పోయినా డాక్టరు తర్వాత కబురు విన్నీకే. స్నానం చేయించి, తల దువ్వి, తెల్ల మేజోళ్ళు తొడిగి పడుకోబెట్టేది. వాళ్ళమ్మ చేసేది, ఆ తర్వాత ఈవిడ. ప్రతి ఇంట్లోనూ అడుగు సొరుగులో ఆ మేజోళ్ళు ఉతికి సిద్ధంగా ఉండేవి.

చిక్కల్లా ఎక్కడంటే, మంచాన పడ్డ ఫ్లోరీని ఓసారి "మంచిదానివేనే" అంది. ఫ్లోరీ ఆ వారం దాటలేదు. ఆ తర్వాత రొట్టెల కొట్టాయన్ని "న్యాయమైన మనిషి" అంది. ఆయనా పోయాడు. దాంతో వీధంతా తేల్చేసింది: తిడితే బతుకుతాం, మెచ్చుకుంటే సొరుగు తెరవాలి! జలుబు చేసినా ఆవిణ్ణి పిలిపించి తిట్టించుకునేవాళ్ళండీ!

ఆ చలికాలం మా పక్కింటి సిరిల్ మంచాన పడ్డాడు. పందెం పావురాలు పెంచేవాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్మే. దగ్గితే బేసిన్ నల్లబడేది. "విన్నీని రానివ్వకే. మెచ్చుకుందంటే పోతాను" అని పెళ్ళాం చెయ్యి వదిలేవాడు కాదు.

ఆ పెళ్ళాం మేబెల్, విన్నీని గుమ్మంలోనే పట్టుకుంది. "అక్కా, నీకు దణ్ణం పెడతా. గట్టిగా తిట్టక్కా!"

విన్నీ మెట్లెక్కింది. వెనకే నేను. మంచం మీద వట్టి ఎముకలు. విన్నీ ఒక్కసారి సొరుగు వైపు చూసింది. అయిపోయింది, మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఏరా సిరిలూ! చాక్లెట్‌తో చేసిన కూజాలో టీ అన్నా కాచుకోవచ్చు గానీ నిన్ను నమ్ముకోలేం! పనికీ రావు, అలంకారానికీ రావు. నీ పావురాలే నయం, పొద్దున్నే లేస్తాయి!"

సిరిల్ మొహం వెలిగిపోయింది. "విన్నావుటే మేబెల్! సూప్ పట్రా!"

ఇక రోజూ వచ్చి తిట్టేది. కొత్తవి తోచకపోతే పాత తిట్లకే రంగేసేది. సిరిల్ దగ్గులోనే నవ్వేవాడు. ఓరోజు నన్ను దగ్గరికి పిలిచి, "టీచరమ్మా, మరీ ఎక్కువ తిడుతోంది. నా పని అయిపోయిందని నాకు తెలుసులే. ఆవిడతో మాత్రం అనకు, నొచ్చుకుంటుంది" అన్నాడు.

మంచు కరక్కముందే పోయాడు.

నేను వేణ్ణీళ్ళు తీసుకుని పైకెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. విన్నీ ఆయన గోళ్ళలో బొగ్గు తుడుస్తూ గొణుగుతోంది. "ఎంత మంచోడివిరా! పావురాన్ని నీ అంత మెత్తగా పట్టుకున్నవాడు ఈ వీధిలో లేడు. మేబెల్ని ఒక్కనాడు ఏడిపించలేదు. అప్పుడే అందామంటే బెదిరిపోతివి కదరా వెధవా..." అన్నాళ్ళూ నోట్లో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే అప్పజెబుతోంది.

నా చేతిలో గిన్నె తొణికింది. విన్నీ గిర్రున తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. నోరు తెరిచింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"గుమ్మంలో ఏం చూస్తున్నావ్, దూలానికున్న బుర్ర కూడా లేదా నీకు? నీళ్ళు చల్లారిపోతున్నాయి!"

అమ్మయ్య! ఆ ఏటికి నాకు ఢోకా లేదండీ.