ఎనిమిది ఎనిమిదులు

ఖోర్ బెంగ్ హువాట్‌కు పెనాంగ్ మొత్తంలో ఒక్కరితోనే పడదు. ఆ ఒక్కరూ మనిషి కాదు, నాలుగు అనే అంకె. వాళ్ల హొక్కియన్ భాషలో నాలుగన్నా చావన్నా చెవికి ఒక్కలాగే వినపడతాయి. అందుకని ఆయన నాలుగో నంబరు బస్సెక్కడు. సూపులో నాలుగు చేప ఉండలు వస్తే ఒకటి తీసి పక్కవాడి గిన్నెలో పడేస్తాడు. ఎనిమిదంటే మాత్రం ప్రాణం. అది కలిసొచ్చే అంకె.

మనవరాలు పెయ్‌షాన్ పాలిటెక్నిక్‌లో రెండేళ్లు చదివి, మూడో ఏడాదిని కాలేజీకే వదిలేసి వచ్చింది. వైఫై సంగతులకు ఇంట్లో ఆమే మేధావి. వేరే గతి లేదు.

పోయిన నెల ఆకోంగ్, అంటే ఆమె తాత, స్నానాలగదిలో జారిపడ్డాడు. కౌలాలంపూర్‌లో ఉన్న మేనత్త షరతు పెట్టింది. మనిషి కదలగానే వెలిగే దీపాలు, మనిషి పడితే తనకు కబురు పంపే యంత్రం ఆదివారానికల్లా తడబడకుండా పనిచేయాలి. లేదంటే ఆయన పెట్టె సర్దుకుని తన ఫ్లాటుకు రావాలి. ఆ ఫ్లాటు పద్నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టులో పదమూడు-ఏ అని రాశారు గానీ, ఆకోంగ్‌కు లెక్కలొచ్చు.

పెయ్‌షాన్ కొత్త రౌటర్ బిగించి వెళ్లింది. మర్నాడు వచ్చేసరికి దీపం మొరాయించింది. రౌటర్‌కున్న నాలుగు యాంటెన్నా కొమ్ముల్లో మూడే మిగిలాయి.

"ఒకటేది ఆకోంగ్?"

"విరిచేశాను. చావును తెచ్చి హాల్లో కూర్చోబెడితే ఊరుకుంటానా?"

ఈసారి ఆరు కొమ్ములది తెచ్చింది. ఆయన ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టాకే దాన్ని గడప దాటనిచ్చాడు. అయినా దీపం తనకు బుద్ధి పుట్టినప్పుడే వెలిగేది. ఇంట్లో పరికరాలు ఐదు. నాలుగే చాలు, ఐదో బల్బు ఆకోంగ్ పట్టుదల. రౌటర్ జాబితాలో మాత్రం ఎనిమిది కనపడ్డాయి. అదనపు మూడూ పక్కింటి గెక్‌చూ ఆంటీ ఫోను, టాబ్లెట్, పగలంతా సీరియళ్లు లాగే టీవీ. ఇంతకీ పాస్‌వర్డ్ ఎనిమిది ఎనిమిదులు. పెనాంగ్‌లో దాన్ని ఊహించలేనివాళ్లు ఇంకా పుట్టలేదు.

పెయ్‌షాన్ ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టింది. రెండు రోజులు దీపాలు చెప్పినమాట విన్నాయి. శనివారం మధ్యాహ్నం అన్నీ ఒక్కసారి తెగిపోయాయి. ఆమె భోంచేస్తుంటే ఆమె ఫోనులోంచే ఆకోంగ్ పాత పాస్‌వర్డ్ పెట్టేశాడు.

"రేపు అత్త వస్తోంది. పద్నాలుగో అంతస్తుకు పోతావా?"

ఆకోంగ్ గొంతు తగ్గించాడు. "గెక్‌చూ కొడుకు ఓడలోంచి సాయంత్రాలు మాట్లాడతాడు పిల్లా. నిన్న వైఫై అందక టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని మెట్లమీదే కూర్చుంది."

"అడిగితే ఇద్దుంగా."

"ఆవిడ అడుగుతుందా? నేనిస్తే తీసుకుంటుందా? ఒక నారింజ ఇస్తే రెండు తిరిగొస్తాయి. దొంగిలిస్తున్నాననుకుంటేనే ఆవిడ మర్యాద నిలుస్తుంది. అందుకే వరండాలో నిలబడి మీ అత్తతో ఫోనులో గట్టిగా చెప్పాను, అన్నీ ఎనిమిదులే అని. గెక్‌చూకు చెవుడు కదా, మూడుసార్లు చెప్పాను. అప్పటికీ వినపడకపోతే ఏకంగా ఐదోసారే చెప్పేవాణ్ణి."

పెయ్‌షాన్ కంచం పక్కకు జరిపి ఫోను అందుకుంది. రౌటర్‌లో రెండో వైఫై దారి తెరిచి, పాత పేరూ ఎనిమిది ఎనిమిదులూ దానికిచ్చింది. ఇంటి దీపాలను కొత్త పేరుతో, ఇరవై అక్షరాల తాళంతో విడిగా కట్టేసింది. సీరియళ్లు ఎంత లాగినా దీపాల వాటా ముట్టుకోకుండా హద్దు పెట్టింది.

ఆదివారం మేనత్త స్నానాలగదిలోకి ఏడుసార్లు వెళ్లొచ్చింది. ఏడుసార్లూ దీపం వెలిగింది. ఆకోంగ్ ఎనిమిదోసారి కూడా పంపించి, అప్పుడు తన పెట్టె తీసి అటకమీద పెట్టాడు.

సాయంత్రం గెక్‌చూ ఆంటీ గుమ్మంలోకి వచ్చి పెయ్‌షాన్‌ను పక్కకు పిలిచింది. "కాస్త కష్టమైన పాస్‌వర్డ్ పెట్టుకోమని మీ తాతకు చెప్పవే. లోకంలో దొంగలుంటారు," అని ఒక సంచి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సంచిలో నారింజలు. ఆకోంగ్ లాక్కుని లెక్కపెట్టాడు. ఎనిమిది.

"దేనికిచ్చిందో ఏమో!" అన్నాడు పక్కింటి గోడవైపు తిరిగి, గట్టిగా, మూడుసార్లు.